దొంగనొప్పులు

ఆదివారం, మధ్యాహ్నం
ఇంటి నుంచి

గౌరవనీయులైన అక్కయ్యకు,
తోడబుట్టని చెల్లెలు నమస్కరించి రాస్తున్నది.

ముందుగా మీ క్షేమం అడగడం పద్ధతి. కానీ డైరెక్టరు కుర్చీలో కూర్చున్న మీ ఫొటో నిన్ననే పేపర్లో చూశాను. కులాసాగానే ఉన్నారు. ఇక్కడ మా ఆయన మోకాలి నొప్పి తగ్గింది. నాకే నిద్ర సరిగా పట్టడం లేదు.

ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయాల్సిన అవసరం రాలేదు. తలుపు తోసుకుని మీ గదిలోకి వచ్చేసేదాన్ని. ఇప్పుడా తలుపు దగ్గర అటెండరు కూర్చుంటున్నాడు. వెళ్ళినప్పుడల్లా "మేడమ్ మీటింగులో ఉన్నారు" అంటున్నాడు.

ఆపరేషన్లు చేసుకుంటూ బతకాల్సిన నన్ను ఈ పరిశోధన దారిలోకి తెచ్చింది మీరు. "రోగాన్ని చూడ్డానికి చాలామంది ఉన్నారే. అది కొన్ని వీధుల్లోనే ఎందుకు కాపురం పెడుతోందో చూసేవాళ్ళే లేరు" అన్నారు. మా అమ్మ చాలాకాలం ఈ సంగతి బంధువులకి చెప్పుకోలేక, మా అమ్మాయి మందు రాయని డాక్టరు అనేది. మీరే ఇంటికొచ్చి ఆవిడకి నచ్చజెప్పారు. కాన్పుల వార్డుకి పెద్దగా ఉంటూ కూడా, వానాకాలంలో చెప్పులు చేత పట్టుకుని నాతోపాటు మిల్లు వెనక వీధుల్లో నడిచారు.

ఆ వీధుల వాళ్ళూ, పార్కు చుట్టూ పెద్ద ఇళ్ళవాళ్ళూ కాన్పుకి వచ్చేది మన ఆసుపత్రికే. దూరం ఒకటే, గేటు ఒకటే. మరి మిల్లు వైపు తల్లులే ఎందుకు ఎక్కువమంది చనిపోతున్నారు? ఒంట్లో రక్తం లేకనేమో అనుకున్నాం. లెక్క కట్టి చూస్తే ఆ తేడా చాలలేదు. ఆలస్యంగా వస్తున్నారేమో అనుకున్నాం. కాదు, వేళకే వస్తున్నారు. వచ్చినవాళ్ళని "ఇవి దొంగనొప్పులు, ఇంటికెళ్ళి రేపు రండి" అని తిప్పి పంపేస్తున్నారు. పార్కు వైపు వాళ్ళని మాత్రం అవే నొప్పులకి చేర్చుకుంటున్నారు. ఆ సంగతి తేలిన రోజు మీరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఆ కాగితాలు బోర్లించారు.

కుట్టుపని చేసే ఆవిడ మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ చెల్లెల్ని అలాగే వెనక్కి పంపారు. మళ్ళీ తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. "ఎవరికీ చెప్పుకోలేదు డాక్టరమ్మా, మీరడిగారని చెబుతున్నా. పైవాళ్ళకి చేరేలా చూడండి" అని నా చెయ్యి పట్టుకుంది. చేరుస్తామని మనిద్దరం మాటిచ్చాం.

డాక్టర్ల సభలో మన అధ్యయనం మీరే చదివారు. మొదటి వరసలో కూర్చుని చివరి భాగం కోసం ఎదురుచూశాను. అది రాలేదు. "అవగాహన లేక ఆ ప్రాంతపు స్త్రీలు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తున్నారు" అని ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కాయన నాకు కూడా అభినందనలు చెప్పాడు.

తర్వాత మీ గదిలో తలుపు వేసి ఏడ్చారు. ఆ చెల్లెల్ని పంపేసిన డ్యూటీ డాక్టరు మీ అమ్మాయేనన్నారు. "మొన్న మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. నీ చేతుల్లో పెరిగింది. దాని బతుకు బుగ్గి చెయ్యకే" అన్నారు. ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది నేనే కదా. కోపం సగం అక్కడే చల్లారింది.

పోయిన వారం ఆ వీధుల్లో పోస్టర్లు అంటించారు. నవ్వుతున్న గర్భిణి బొమ్మ, కింద 'ఆలస్యం చేయకండి' అని. రోగమొకటైతే మందొకటి. కుట్టుపని ఆవిడ కిటికీ పక్కనే ఒకటి ఉంది. నేను వెళితే కుర్చీ వేసింది గానీ, మిషను ఆపలేదు.

"మా చెల్లి ఆలస్యంగా వచ్చి చచ్చిపోయిందని రాశారంట కదా" అంది.

నేను రాయలేదన్నాను.

"మీ పేరు కూడా ఉందంట" అంది.

ఉంది అక్కయ్యా, అచ్చువేసిన ప్రసంగంలో మీ పేరు కిందే ఉంది. మీరు తీసేసిన భాగం ఆవిడకి మొత్తం చెప్పాను. విని, దారం కొరికి, "అయితే మిమ్మల్నీ మోసం చేశారన్నమాట" అంది. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి నా మీద జాలిపడింది. తిట్టినా బాగుండేది.

ఎవరి పేరూ బయట పెట్టకుండానే నిజం చెప్పొచ్చు. ఆ మాట చెప్పడానికే మీ గది ముందు అన్నిసార్లు నిలబడ్డాను. ఇక నిలబడను. రేపు రాజీనామా ఇస్తున్నాను. చివరి భాగంతో సహా పూర్తి అధ్యయనాన్ని నా ఒక్కదాని పేరు మీద వైద్య పత్రికకి పంపుతున్నాను. మీ ప్రసంగం నుంచి నా పేరు తీయించండి.

మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. కన్నతల్లి బిడ్డని కాపాడుకుంది, అంతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఆ ఒక్క ఆసరాతోనే మిమ్మల్ని ఇంకా అక్కయ్యా అని పిలవగలుగుతున్నాను.

మీరు తీర్చిదిద్దిన
చెల్లెలు

తా.క.: కవరు అంటించబోతుంటే మీ అమ్మాయి వచ్చింది. "నా పేరు పెట్టినా ఫర్వాలేదు, దాచొద్దమ్మా" అని సభకి ముందే మీతో చెప్పిందట. మీరు వినలేదట. ఎందుకు వినలేదో కూడా తనే చెప్పింది. "మంచాలు చాలనప్పుడు మిల్లు వైపు వాళ్ళని దొంగనొప్పులని చెప్పి పంపేయండి, వాళ్ళు ఎవరికీ ఫిర్యాదు చెయ్యరు అని కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకీ చెప్పేది అమ్మే పిన్నీ" అంది. మనం ఇన్నేళ్ళు వెతికిన కారణం మీ నోటిమాటేనన్నమాట. ఆ విషయం తన సంతకంతో రాసిస్తానని ఇప్పుడు మా ముందుగదిలో కూర్చుంది. పైన రాసింది చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను, వద్దనిపించింది. తల్లి మనసు అనుకుని మిమ్మల్ని సగం క్షమించేసిన మనిషి అందులో ఉంది. ఎవరిని మోసం చేశారో మీరు చూడాలి.