ముందు యాక్సిల్ విరిగిన జీపు

హొసకోటె, బెంగళూరు.

కదిరమ్మక్కకు తమ్ముడు అశోక్ నమస్కారాలు. కొండమీద నీ ఫోను అందడం లేదని కార్డు వేస్తున్నాను. నాకేమీ కాలేదు, కంగారు పడకు.

జీపు మాత్రం ఇప్పట్లో రాదక్కా. ముందు చక్రాలకు కొత్త షాఫ్టులు వేయించి, నిన్న మెకానిక్ స్టాన్లీతో కలిసి మట్టిగుట్ట ఎక్కించి చూశాను. నాలుగు చక్రాల గేరు వేయగానే ఫట్‌మంది. స్టాన్లీ బండి కిందికి దూరి చూశాడు. "యాక్సిల్ గొట్టమే చీలిపోయుండాదప్పా. వెల్డింగు పెట్టినా కొండ దిగుడులో మళ్ళీ ఇరుగుతాది. కడుపుతో ఉండే బిడ్డను దీంట్లో ఎక్కించొద్దు" అన్నాడు. పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాను, ఈ మోడల్ గొట్టం ఎక్కడా లేదు.

వంకలో నీళ్ళొచ్చినా దాటగలిగే బండి మన ఊళ్ళో ఇదొక్కటే. నొప్పులొస్తే నీ కూతుర్ని నేనే ఆస్పత్రికి చేరుస్తానన్నాను. ఇప్పుడు నావల్ల కాదక్కా. వంకకు నీళ్ళు రాకముందే సహనను మదనపల్లెలో చిన్నత్త ఇంటికి చేర్చు. నడవలేకపోతే మంచంమీద మోయించు. ఆస్పత్రి చీటీలు మరవొద్దు. అమ్మ కంట్లో చుక్కల మందు వేస్తున్నారా? రాగులు విత్తారా?

నా హారను వినపడేదాకా కదలనని సహన మొండికేస్తుంది. దాని మాట వినకు. తల్లీబిడ్డలు చల్లగా ఉండాలి.