తపస్సు మానెక్కాల్సిన మనిషి

ఐరాల,
12 మార్చి 2022.

చిరంజీవి దేవరాజులుకు,

నీకు వేషం కట్టడం నేర్పిన మేనమామ మునికృష్ణ దీవించి రాసేది. మీ సిద్ధమ్మత్త నిన్ను అడిగినట్టు రాయమంది. అందరం బాగున్నామని రాయడం వాడుక కాబట్టి రాస్తున్నాను. అర్జునుడి వేషం నీకు ఇవ్వలేదని అలిగి సత్యవేడు పక్క ఫ్యాక్టరీలో చేరావు. ఐదేళ్లుగా ఒక్క జాబు లేదు. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, ముందు ఇది చదువు.

మన ద్రౌపదమ్మ గుడి ముందు భారతం ఆడి రెండేళ్లు దాటింది. కరోనా వచ్చిన ఏడు అసలే వద్దన్నారు. నిరుడు మేళం పెద్ద దయానంద్ ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు. ఆరుబయట జనం గుమిగూడరాదట, కల్యాణ మండపంలో సగం కుర్చీలే వేయాలట. వేషగాళ్లూ మాస్కు పెట్టుకోవాలట, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలట, అరవై ఐదు దాటినవాళ్లు రంగం ఎక్కకూడదట. ఏం చోద్యమబ్బా! ఆరడుగుల అవతల నిలబడి దుశ్శాసనుడు చీర ఎట్లా లాగుతాడు? ద్రౌపది వేషంలో ఉన్న దయానందే తన చీర తాను విప్పుకుంటూ గిరగిరా తిరిగాడట. ముందు కుర్చీలోని ఓబయ్య లేచి, ఇదేం బారతమప్పా, నేను సూడలేను అని వెళ్లిపోయాడట. అర్జునుడు ఎక్కే అంతెత్తు మాను మండపంలో పట్టదని తపస్సు ఘట్టమే తీసేశారు. నాకప్పటికే అరవై ఆరు. చెప్పులకు కాపలా ఉన్నవాడిలా గేటు బయట నిలబడి విన్నాను.

ఈ ఏడు మళ్లీ గుడి ముందే ఆడుకోమన్నారు. వయసు నిబంధన మాత్రం అట్లే ఉంచారు. ముప్పై ఏళ్లు మానెక్కిన కాళ్లు ఇప్పుడు పనికిరావట! సంతకాలు పెట్టేవాళ్లకు ఏం తెలుసు, వాళ్ల మొహం.

అందుకే నువ్వు రావాలి. అర్జునుడు పాడుతూ మానెక్కి నిమ్మకాయలు, విబూది విసిరితే, తడిచీరలతో సాగిలపడ్డ బిడ్డల్లేని ఆడవాళ్లు కొంగుల్లో పట్టుకోవడం నువ్వు చిన్నప్పటినుంచీ చూసిందే. పైకి చేరేదాకా గొంతు ఆగకూడదు, ఆగితే ఆ వరం ఎవరికీ దక్కదంటారు. ఆ పద్యాలన్నీ నా తర్వాత నీకే వచ్చు.

మన కోమలికి పెళ్లయి తొమ్మిదేళ్లు. చంద్రగిరిలో అత్తగారి మాటలు పడలేక చిక్కి సగమైంది నా బిడ్డ. మొన్న వచ్చి, నాయనా, ఈ తూరి అన్నా మాను నాటతారా, ఈ ఏడూ లేకుంటే ఇంగ నేను ఆ ఇంట్లో ఉండలేను అనింది. తలూపాను. ఇంకేం చెయ్యను? నా కోసం వద్దు, దాని కోసం రా. వేషం నీదే, ఇకమీదట తిరిగి అడగను కూడా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మునికృష్ణ

తా.క.: కవరు అంటించబోతుంటే మీ అత్త లాక్కుని చదివి, వానికి గూడా అబద్ధాలు రాస్తావా అని కసిరింది. నిజం రాస్తున్నాను. వయసు నిబంధన పోయిన నెలలోనే ఎత్తేశారు. దయానంద్ ఇంటికొచ్చి, ఇంగ నిన్ను ఆపేవాళ్లు లేరు, మానెక్కన్నా అని చెప్పిపోయాడు. నిరుడు మండపంలో ఆట అయిన కొన్నాళ్లకే ఆ జ్వరం నన్నూ పట్టింది. తిరుపతి ఆసుపత్రి నుంచి బతికి వచ్చాను గానీ ఊపిరి తిరిగి రాలేదు. నిన్న కొట్టంలో నిచ్చెన వేసుకుని, పద్యం ఎత్తుకుని ఎక్కబోయాను. రెండు మెట్లకే గొంతు ఆగిపోయింది, అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ ఆఫీసువాళ్లను తిట్టుకుంటూ బతికాను దేవరాజులూ. ఇప్పుడు ఎవరిని తిట్టుకోను? కోమలికి ఈ సంగతి తెలియదు. నాయనే ఎక్కుతాడని నమ్మి, మాను కింద సాగిలపడడానికి పసుపు చీర కూడా కొనుక్కుంది.