గెడ్డ దాటిన సూర్యకళ

విశాఖపట్నం,
24 అక్టోబరు 1999

వదిన గౌరీశ్వరి గారికి,

మీ వియ్యపురాలు గంగాలమ్మ నమస్కారాలు. మనం ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోయినా వరస వరసే కదా, అందుకే వదినా అని పిలుస్తున్నాను. మాటలు నావి, రాత మా అమ్మాయి దుర్గది.

మీకు మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ముక్కు మీ సూర్యకళదే. గొంతు మాత్రం మాది, ఒడ్డున ఏడిస్తే పడవలోకి వినిపిస్తుంది.

పురుడు తేలిగ్గా జరగలేదు వదినా. పోయిన వారం పొద్దున్నే, మా పేటలో మంత్రసాని మంగాయమ్మే పోసింది. బిడ్డ బయటపడింది గానీ మాయ పడలేదు. రక్తం ఆగలేదు. "గంగాలూ, ఇది నా సేతిలో లేదే. ఆస్పత్రికి ఎత్తుకుపొండి" అంది మంగాయమ్మ.

వానలకు గెడ్డ పొంగి దారి మునిగింది. పేట పెద్దలు "నీరు తియ్యనీ, అప్పుడెల్దాం" అన్నారు. నా తోడికోడలు తాయారు పురిటప్పుడూ ఇదే మాట. నీరు తీసేసరికి తాయారు లేదు.

బిడ్డను దుర్గ చేతిలో పెట్టాను. "నా కోడలు అందాకా ఆగలేదు, నానూ ఆగను" అని గెడ్డలోకి దిగిపోయాను. అప్పుడు కదిలారు. మీ అల్లుడు మోహన్, వాడి జట్టు వాళ్ళు వలను జోలెలా కట్టి, సూర్యకళని అందులో పడుకోబెట్టి, తలల మీదుగా ఎత్తి దాటించారు. కూర్మన్నపాలెంలో ఆటో దొరికింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ "ఇంకాస్త ఆలస్యమైతే" అని ఆగిపోయింది. మోసినవాళ్ళే రక్తమూ ఇచ్చారు.

ఇప్పుడు లేచి కూర్చుంటోంది. పాలు పడతాయని పాలసొర చేప వండితే ముక్కు మూసుకుని తింది. పెళ్ళయి రెండేళ్ళయినా మీ అమ్మాయికి చేపముల్లు తియ్యడం రాదు. నేనే తీసి పెడతాను.

మీకు చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారని మీ కోపం. న్యాయమే. కోపంతోనే రండి.

మీ వదిన,
గంగాలమ్మ

తా.క.: ఈ ఉత్తరం సంగతి సూర్యకళకు తెలియదు. మీకు రాయొద్దని ఒట్టు వేయించుకుంది. కానీ ఆ రోజు ఆటోలో స్పృహ తప్పుతూ "అమ్మా" అంది. నన్నే అనుకుని చెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉన్నానే తల్లీ" అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. "నువ్వు కాదత్తా, మాయమ్మ" అంది.