దర్జీ బీరువా వెనుక గాజుపట్టీ

ఈ మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నా మూడంతస్తుల దుకాణాల భవనంలో దర్జీ కొట్లో బీరువా వెనుక, గోడ పగులుకు అడ్డంగా అతికించిన గాజుపట్టీ రెండు ముక్కలై కనిపించింది. దాని కింది పగులు వెడల్పు నెల క్రితం రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడూ రెండే. గోడ కదిలితే గాజు పగులుతుంది. గోడ కదలకుండా పగిలిందంటే ఎవరో పగలగొట్టారు.

ముప్పై నాలుగేళ్లు పత్రికలో కోర్టు వార్తలు రాసి రిటైరైన నేను, ఈ ఉదయం డాక్టరు చేత పరీక్ష చేయించుకుని, మతి స్థిమితంగా ఉందన్న కాగితం జతచేసి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. పాతది రద్దు. దాన్ని పిల్లలిద్దరూ చదివారు. దీన్ని ఎవరూ చదవలేదు.

1. ఈ భవనం, మేస్త్రీగా మొదలైన మా నాన్న కట్టి, నా పేర రిజిస్టరు చేసినది. నేను 'తేనెసీసా' అని పిలిచే బిల్డరు దాన్ని కూల్చి పది అంతస్తులు లేపుతానని రెండేళ్లుగా తిరుగుతున్నాడు. పూర్తిగా ఖాళీ చేసి ఇస్తేనే ఒప్పందం అంటాడు. దర్జీ లీజు ఇంకా తొమ్మిదేళ్లుంది, రిజిస్టరయింది. ఆయన్ను కదిలించే దారి ఒక్కటే: భవనం ప్రమాదకరమని మునిసిపాలిటీ తేల్చడం. ఆ నోటీసు నాలుగు నెలల కిందట వచ్చింది. ఫిర్యాదు చేసింది ఎవరో అందులో లేదు.

2. మునిసిపల్ ఇంజనీరు వచ్చి, భవనం వెనుక మెట్ల గోడ కదులుతోందో లేదో తేల్చడానికి, పగుళ్ల మీద, తేదీలు రాసి, ఐదు గాజుపట్టీలు అతికించాడు. మూడు వారాల్లో రెండు పగిలాయి, కింది పగుళ్లు మాత్రం పెరగలేదు. ఆ మెట్ల తాళంచెవులు నలుగురి దగ్గరున్నాయి: నేను, మా అబ్బాయి, మా అమ్మాయి, అద్దెలు చూసే గుమాస్తా. నేను అబ్బాయిని అనుమానించాను. తేనెసీసాతో రెండుసార్లు భోంచేసి నాకు చెప్పలేదు. అడిగితే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నీ కోర్టులో నేనెప్పుడూ ముద్దాయినే కదమ్మా. ఇదీ నువ్వే ఉంచుకో," అన్నాడు. ఆ మాట తప్పని నిరూపించడానికి నా దగ్గర ఆధారం లేదు.

3. తర్వాత నేనే మరో మూడు పట్టీలు అతికించాను. మీటర్ల గదిలోది అబ్బాయికి మాత్రమే చెప్పాను. మేడ మీది నీళ్ల ట్యాంకు కిందిది గుమాస్తాకి మాత్రమే. దర్జీ బీరువా వెనుకది అమ్మాయికి మాత్రమే. ముగ్గురికీ ఒకే అబద్ధం: ఇంజనీరు చివరికి దీన్ని చూసే తేలుస్తాడని. మొదటి రెండూ చెక్కుచెదరలేదు.

బీరువా వెనుక పట్టీ ఉందని దర్జీకి తెలుసు, ఎందుకో తెలియదు. మంగళవారం ఆయన చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను: "నిన్న అమ్మాయిగారు వచ్చారండీ. గోడ కొలవాలి, బీరువా కాస్త జరిపి మీరు టీ తాగి రండి బాబాయ్ అన్నారు. ముప్పై ఏళ్లలో నన్ను టీ తాగి రమ్మన్నవాళ్లు లేరండీ. సంతోషపడ్డాను."

పగలగొడుతుండగా చూసినవాళ్లు లేరు. కాబట్టి ఆమే పగలగొట్టిందని రాయను. ఆమె ఆర్కిటెక్టు. నిన్న మునిసిపాలిటీలో, తేనెసీసా దాఖలు చేసిన ప్లాను కాపీ తీయించాను. పది అంతస్తుల ప్లాను కింద సంతకం ఆమెది.

4. భవనం అబ్బాయికి. షరతు: లీజులన్నీ గడువు తీరేదాకా నడవాలి, అప్పటిదాకా అమ్మకూడదు, ఏ బిల్డరుకూ ఇవ్వకూడదు. తప్పితే అది దుకాణదారుల సంఘానికి చెందుతుంది. ఆ భోజనాల సంగతి వాడు ఇంకా చెప్పలేదు, అందుకే షరతు. మా నాన్న రసమట్టం కూడా వాడికే. దానిలో బుడగ ఇప్పటికీ నడిమధ్యన నిలుస్తుంది. ఒక క్షమాపణ కూడా వాడికి బాకీ ఉన్నాను. అది చచ్చాక ఇచ్చేది కాదు. ఇంకా చెప్పలేదు.

5. గుమాస్తాకి నా భూతద్దం. పందొమ్మిదేళ్లుగా నా ఉత్తరాలను వెలుతురుకెత్తి చూసి మరీ ఇస్తున్నాడు. ఇక శ్రమ పడనక్కర్లేదు.

6. నేనుంటున్న ఇల్లు అమ్మాయికి. ఎనిమిదేళ్లప్పుడు భవనం మెట్ల మీద కూర్చుని తను గీసిన ఇంటి బొమ్మ కూడా. దానికి తలుపు లేదు. అడిగితే "కట్టాక పెడదాంలే అమ్మా" అంది. మంగళవారం నాటి గాజుముక్కలు కవరులో ఉన్నాయి, అవీ ఆమెవే. మునిసిపాలిటీ నోటీసుపై జరిగే విచారణలో, ఎవరూ అడగకముందే, తానే నోరు విప్పి జరిగింది చెబితే, నాలుగో నిబంధన షరతులతోనే భవనంలో సగం ఆమెది. ఈ సంగతి ఆమెకు తెలియదు.

7. వీటిని అమలు చేసేది రిటైరైన రిజిస్ట్రారు. ఎవరి మొహం చూసీ నవ్వడు. అందుకే ఆయన.

8. ప్రమాదకర భవనం నోటీసుపై విచారణ ఈ నెల పద్దెనిమిది, గురువారం, ఉదయం పదిన్నరకు, మునిసిపల్ ఆఫీసు రెండో అంతస్తులో. అమ్మాయిని నాతో రమ్మన్నాను. "వస్తాలే అమ్మా, కారు నేను నడుపుతా," అంది. తొమ్మిదింటికి బయల్దేరతాం. కవరు నా సంచిలో ఉంటుంది.

తేదీ: ఈ నెల పదకొండు, గురువారం, సాయంత్రం నాలుగు.
సంతకం: భవనం యజమానురాలు

సాక్షులు (వీరికి ఇందులో ఏమీ రాదు, అడిగి తెలుసుకున్నాను):
ఎదురువీధి కళ్ల డాక్టరు
పత్రికలో నా పాత ప్రూఫ్ రీడరు