ఎడమ స్పీకర్

జూన్ 4, బుధవారం

చెవిగారు షాపుకి వచ్చాడు.

ఆరేళ్ళ తర్వాత చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, కౌంటర్ వెనక దాక్కోబోయాను. స్టూడియోలో అందరం ఆయన్ని చెవిగారనే పిలిచేవాళ్ళం. సినిమా సౌండ్ మిక్సింగ్‌లో ఆయన చెవికి తిరుగులేదని పేరు. గారు అంటూనే వచ్చాడు అని రాస్తున్నాను. నా డైరీ, నా వ్యాకరణం.

నన్ను గుర్తుపట్టాడు. ఇక్కడ తేలావా అన్నాడు. షాపు పని హాయి, చెవులతో అవసరం ఉండదు కదా అన్నాడు. నవ్వుతూనే. హోమ్ థియేటర్ కావాలట. టీవీ స్పీకర్లలో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయట. మా ఓనర్ పరుగున వచ్చి కుర్చీ వేసి, అన్నీ ఈ అమ్మాయే చూసుకుంటుంది సార్ అన్నాడు.

సరే. చూసుకుంటాను.

జూన్ 5

మర్చిపోయి కాదు, ఒకసారి వరసగా రాసిపెట్టుకోవాలని.

ఆ రోజు ఫైనల్ మిక్స్. నేను ఆయన అసిస్టెంట్‌ని. ఆసుపత్రి సీన్‌లో మాటల కింద సన్నగా, తుమ్మెద గదిలో ఇరుక్కున్నట్టు ఒక హమ్. సార్, హమ్ ఉంది అన్నాను. లేదన్నాడు. మళ్ళీ అన్నాను. నీ చెవులు ఎవరికైనా చూపించుకో అన్నాడు, అందరి ముందూ. సినిమా విడుదలయ్యాక హాల్లో కూర్చున్న ప్రతివాడికీ ఆ హమ్ వినిపించింది. స్టూడియో ఓనర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఆ సీన్ ఈ అమ్మాయికి వదిలేశాను, పాపం దీనికి సరిగ్గా వినపడదు, జాలిపడి ఇన్నాళ్ళూ చెప్పలేదు అన్నాడు చెవిగారు. నా పక్కనే నిలబడి. ఆ రోజే నా పని పోయింది.

డాక్టర్ దగ్గర టెస్ట్ చేయించుకున్నాను. రెండు చెవులూ నార్మల్. ఆ కాగితం పట్టుకుని ఊళ్ళో ఉన్న స్టూడియోలన్నీ తిరిగాను. ఎవరూ చదవలేదు. కొందరైతే నాకు వినపడదేమోనని గట్టిగా అరిచి మరీ పని లేదని చెప్పారు.

జూన్ 9

చెవిగారు మళ్ళీ వచ్చాడు. సెలక్షన్.

ఆయన ఎంచుకున్న స్పీకర్లు నాలుగు ఓమ్‌లవి, ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు గుంజుతాయి. వాటిని లాగలేని ఆంప్లిఫయర్ ఒకటి అంటగడదామా అని చాలాసేపు ఆలోచించాను. కాస్త గట్టిగా పెట్టినప్పుడల్లా వేడెక్కి ఆగిపోతుంది. మొరటు పని. రెండో రోజే వెనక్కి తెస్తాడు. పైగా చెడ్డ వస్తువు అమ్మి పగ తీర్చుకుంటే, పేరు పోయేది వస్తువుది.

అందుకని మంచి ఆంప్లిఫయరే ఇచ్చాను. దమ్మున్నది. మా ఓనర్ సంతోషించాడు.

జూన్ 12, సాయంత్రం 5

ఇప్పుడే వాళ్ళింటి నుంచి వచ్చాను.

పొడుగాటి హాలు, నేల దాకా పరదాలు. టీవీకి అటూ ఇటూ నిలువు స్పీకర్లు, కింద సెంటర్, సోఫా వెనక రెండు, మూలన సబ్‌వూఫర్. వైర్లన్నీ కొలిచి, కోసి, కొసలు మెలిపెట్టి ఎరుపుని ఎరుపులో, నలుపుని నలుపులో బిగించాను. ఎడమ స్పీకర్ వెనక మాత్రం ఎరుపులో నలుపు, నలుపులో ఎరుపు.

దానివల్ల ఏదీ కాలిపోదు. కుడి స్పీకర్ గాలిని ముందుకు నెడుతుంటే ఎడమది వెనక్కి లాగుతుంది, అంతే. బేస్ నీరుగారిపోతుంది. మధ్యలో నిలబడి పాడాల్సిన గొంతు గదంతా చెల్లాచెదురవుతుంది. పాడైందని చెప్పలేం, బాగుందని ఒప్పుకోలేం. పంటి సందులో పీచులా రోజూ గుచ్చుతూ ఉంటుంది. అంత గొప్ప చెవి పెట్టుకుని పీక్కోవాలి ఆయన.

మైకు పెట్టి ఆటో సెటప్ నడిపితే, ఎడమ స్పీకర్ ఫేజ్ తప్పు, వైర్లు తిరగబడ్డాయేమో చూడండి అని టీవీ మీద అక్షరాలు వచ్చాయి. ఆయన లోపల టీ తాగుతున్నాడు. ఇగ్నోర్ నొక్కాను.

తర్వాత ఆయన్ని సోఫా మధ్యలో కూర్చోబెట్టి ఒక పాట పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచి అద్భుతం అన్నాడు. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడిందమ్మా అన్నాడు.

మధ్యలో ఏమీ లేదు.

జూన్ 13

ఆయనకి వినపడదు.

జూన్ 14

రాత ఆగడం లేదు. ఎప్పటినుంచి? ఆరేళ్ళ కిందటే మొదలై ఉంటుంది. ఆ హమ్ ఆయనకి నిజంగానే వినపడలేదు. అబద్ధమాడాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అబద్ధం తర్వాత వచ్చింది. ముందు భయపడ్డాడు, తర్వాత తన చెవుడు విప్పి నాకు తొడిగాడు. నేను తొడుక్కుని తిరిగాను, ఆరేళ్ళు.

జాలి కలగాలి. కూర్చుని చూశాను. కలగలేదు.

ఏంటే అంత హుషారుగా ఉన్నావ్, ఎవరైనా నచ్చాడా అని అమ్మ అడిగింది. ఒకరకంగా అవునన్నాను.

జూన్ 17, మంగళవారం

చెవిగారి భార్య ఫోన్ చేసింది. పాట పెడితే పాడే మనిషి ఎక్కడున్నాడో తెలియడం లేదట. ఆయనతో అంటే, నీకేం తెలుసు అని కసురుకున్నాడట. వెళ్ళాను. ఆయన స్టూడియోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ టీ ఇచ్చింది. ఏదీ దాచుకునే మనిషి కాదు. ఇంట్లో టీవీ మోతకి పక్కింటివాళ్ళు గోడ బాదుతున్నారట. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడట. నువ్వు మానేశాక ఇంకో ఇద్దరు అసిస్టెంట్లని తీసేశారమ్మా, వాళ్ళకీ చెవులు బాగోలేవట, అంతమందికీ ఎలా పోతాయి చెవులు అంది. అని నా మొహంలోకి చూసింది.

“నువ్వు ఆయన దగ్గర పని నేర్చిన పిల్లవి. నాతో నిజం చెప్పు. ఆయనకి వినిపిస్తోందా?”

తెలియదండీ అన్నాను.

ఆదివారం స్టూడియో ఓనర్, ఒక డైరెక్టర్ వస్తున్నారట, ఈ హోమ్ థియేటర్ చూడటానికి. ఆయనే పిలిచాడు. ఈలోగా బాగుచేసి పెట్టమంది. ఆదివారం నేనే వచ్చి దగ్గరుండి చూసుకుంటానని చెప్పాను. రెండు నిమిషాల పని. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. చెయ్యకుండా వచ్చేశాను.

జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం 2

అయిపోయింది.

పదకొండింటికి అందరూ కూర్చున్నారు. స్టూడియో ఓనర్ నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పాట పెట్టాను. డైరెక్టర్ సోఫాలో ఇటు జరిగి, అటు జరిగి కూర్చున్నాడు. ఓనర్ నుదురు చిట్లించాడు. చెవిగారు మాత్రం చేతులు చాచి, చూశారా గొంతు ఎలా నిలబడిందో అన్నాడు.

నేను ఆంప్లిఫయర్ ఆపి, ఎడమ స్పీకర్ వైర్లు అందరూ చూస్తుండగా సరిచేసి, మళ్ళీ అదే పాట పెట్టాను. గొంతు వచ్చి గది మధ్యలో నిలబడింది. చెవిగారి భార్య అబ్బ అనుకుంది, తనలో తాను. ఓనర్ ముందుకి వంగాడు. అప్పుడు చూశాను చెవిగారిని. ఆయన స్పీకర్లని వినడం లేదు. మొహాలని చదువుతున్నాడు. ఒక్కొక్కటే చదివి, ఒక క్షణం ఆలస్యంగా తలూపాడు.

అక్కడితో ఆపొచ్చు. తెలిసినవాళ్ళకి తెలిసిపోయింది. నేను ఆపలేదు. ఆంప్లిఫయర్ మళ్ళీ ఆపి, ఎడమ స్పీకర్ వైర్లు రెండూ పూర్తిగా పీకేశాను. పీకిన కొసలు నేల మీద పడేసి, కొంచెం పెంచి, పాట పెట్టాను. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. చదువుకోవడానికి ఆయనకి ఒక్క అక్షరం దొరకలేదు.

“ఇప్పుడెలా ఉంది సార్?” అని అడిగాను.

“ఇప్పుడు ఇంకా నిండుగా ఉంది,” అన్నాడు. “ముఖ్యంగా ఎడమవైపు.”

స్టూడియో ఓనర్ నేల మీది వైర్ల వంక, తర్వాత నా వంక చూశాడు. ఆరేళ్ళలో మొదటిసారి నన్ను చూసిన చూపు అది. సార్, ఆ సినిమాలో హమ్ ఉంది అన్నాను. అవునమ్మా అన్నాడు. చెవిగారు ఏమిటీ, ఏమంటోంది అని భార్యని అడుగుతున్నాడు.

వైర్లు సరిగ్గా బిగించి, సంచి సర్దుకున్నాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

“ఆ రోజు నాకు నిజం చెప్పుంటే నేనే చెప్పేదాన్ని వాళ్ళకి,” అంది. “నలుగురి ముందు అక్కర్లేదమ్మా.”

ఆయన నన్ను నలుగురి ముందే అన్నాడండీ అన్నాను. ఆవిడ తలుపు వేసేసింది. ఆవిడది తప్పు కాదు. కానీ హాయిగా ఉంది. దాచుకోవడం దేనికి, బస్సులో ఇంటిదాకా హాయిగా ఉంది.

జూన్ 24

ఆవిడ ఇచ్చిన టీ తాగి మరీ చేశాను.

జూన్ 30

స్టూడియో ఓనర్ ఫోన్. చెవిగారు మానేశాడట. నన్ను రమ్మన్నాడు. ముందు ఆ ఇద్దరు అసిస్టెంట్లనీ పిలవండి, ముగ్గురికీ చెవులు బాగున్నాయని కాగితం మీద రాసి సంతకం పెట్టి అన్ని స్టూడియోలకీ పంపండి, అప్పుడు చూద్దాం అన్నాను. సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తెలిస్తే ఇంకేమైనా అడిగేదాన్ని.

జూలై 8, ఉదయం 11

చెవిగారు ఫోన్ చేశాడు. నీ బతుకు పాడుచేశాను, నన్ను క్షమించమ్మా అన్నాడు.

“క్షమించను,” అన్నాను. నెమ్మదిగా, స్పష్టంగా.

ఆయనకి దీర్ఘంతో వినిపించింది. “క్షమించానన్నావు, అంతే చాలు తల్లీ,” అని ఏడ్చాడు.

నేను సరిదిద్దలేదు.