చీటీ డబ్బు

గుఢియారీ, రాయ్‌పూర్
మే 1979

మావా,

అత్త బాగుంది. ముందు ఆ మాట చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

నువ్వు రూర్కెలా పనికి వెళ్లిన వారానికే అత్త కుళాయి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలి, తెల్లారేసరికి ఆరొందలు కట్టమన్నారు ఆసుపత్రిలో. ఇంట్లో నలభై కూడా లేవు. నీకు టెలిగ్రాం ఇచ్చినా డబ్బు వేళకి అందదు.

నిన్ను రూర్కెలా పంపిన మిల్లులో లెక్కలు రాసే మున్షీని అడిగితే, అడ్వాన్సు కావాలంటే నువ్వే వచ్చి సంతకం పెట్టాలన్నాడు. బజారులో వడ్డీ సేఠ్ నా మెడ వంక చూసి, "గహనా హై?" అన్నాడు. పసుపుతాడు తప్ప నగలెక్కడివి? అయితే నెలకి రూపాయికి పావలా వడ్డీ అన్నాడు. అది మనవల్ల తీరేది కాదని వచ్చేశాను.

చివరికి మోవా వెళ్లాను, మీ బంగారమ్మక్క దగ్గరకి. తన సొంత తల్లి కదా, కాదనదనుకున్నాను. వదిన తలుపు తియ్యలేదు. కిటికీలోంచే, "నా దగ్గర లేవు నరసమ్మా, వెళ్లిపో" అంది. మంచినీళ్లయినా ఇవ్వలేదు మావా. ఆ ఎండలో ఏడ్చుకుంటూ నడిచొచ్చాను.

పక్కింటి దాలమ్మ సంగతంతా విని, పెట్టె తెరిచింది. ఈ నెల ఆడవాళ్ల చీటీ తనకే వచ్చిందట, కుట్టుమిషను కొనుక్కోడానికి దాచుకుంది. "మిషనుకేం తొందరే? ముసలమ్మ లేవాలి గానీ" అని డబ్బంతా నా కొంగులో పోసింది. వడ్డీ మాటే లేదు. కొద్దికొద్దిగా ఇమ్మంది.

ఇంకో సంగతి నీతో చెప్పాలి. ఆపరేషనై మెలకువ వచ్చాక అత్త, "డబ్బెవరిచ్చారే?" అని అడిగింది. కూతురు వస్తుందేమోనని కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి. నా నోట, "వదినే ఇచ్చింది" అని వచ్చేసింది. అప్పట్నుంచీ వచ్చినవాళ్లందరికీ కూతురి గొప్పే చెబుతోంది. నేను తల దువ్వుతూ ఊకొడుతున్నాను. లోపల కలుక్కుమంటోంది మావా. కానీ అత్త కడుపునిండా అన్నం తింటోంది. నువ్వూ నిజం చెప్పకు.

నీ నరసమ్మ

---

గుఢియారీ
జూలై 1979

నాయనా వెంకటస్వామీ,

దాలమ్మ చేత రాయిస్తున్నాను. కర్ర పట్టుకుని గుమ్మందాకా నడుస్తున్నాను, బెంగ పెట్టుకోకు.

నిన్న మీ అక్క వచ్చింది. "నువ్వు ఆదుకోబట్టి బతికానే" అన్నాను. అది నా కాళ్ల దగ్గర కూలబడి ఒకటే ఏడుపు. పైసా కూడా ఇవ్వలేదని చెప్పేసింది. నరసమ్మే అప్పు చేసి తెచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. నరసమ్మ వెళ్లిననాడు వాళ్లాయన ఇంట్లోనే ఉన్నాడట. పుట్టింటికి ఏమైనా ఇస్తే గెంటేస్తానన్నాడట. తలుపు తీస్తే మరదల్ని పట్టుకుని ఏడ్చేస్తానని తియ్యలేదట. దాన్ని ఏమీ అనకు నాయనా.

అప్పుడే నరసమ్మ నీళ్లబిందె ఎత్తుకుని లోపలికొచ్చింది. మా మొహాలు చూసి అక్కడే ఆగిపోయింది.

దగ్గరకి రమ్మని చెయ్యి చాపాను. "డబ్బు కూతురే ఇచ్చిందన్నావు కదే. నిజమే చెప్పావు. ఏ కూతురో ఇవాళ తెలిసింది" అన్నాను.

బిందె దించుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చింది పిచ్చిది. బంగారమ్మే లేచి వెళ్లి, దాని చంకలో బిందె అందుకుంది.

మీ అమ్మ,
పైడమ్మ