లైసెన్సు ఫొటోకి రంగు చీర

బావా,

నాకు బెల్లం మార్కెట్‌లో పని దొరికింది. రోజూ నీ స్కూటర్ మీదే వెళ్దామని, లైసెన్సు కోసం అనకాపల్లిలో ఫొటో దిగాను. స్టూడియో తెల్ల తెర ముందు నా తెల్లచీర కలిసిపోయి, ఫొటోలో తలొక్కటే మిగిలింది.

“ఇది పనికిరాదమ్మా. రంగు సీర కట్టుకుని రాండి,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

అత్తకి భయపడుతూనే చెప్పాను. నువ్వు పోయిన దగ్గర్నుంచీ నాకు తెల్లచీరలు తెచ్చిపెడుతున్నది తనే కదా! అత్త పెట్టె తెరిచి, నువ్వు కొన్న చిలకపచ్చ చీర తీసింది.

“గవర్మెంటోళ్లు ఒద్దంటే మనమేటి సేత్తాం? కట్టుకో.”

ఇవాళ లైసెన్సు ఆఫీసులో ఆ చీరలో దిగిన ఫొటో ఒప్పుకున్నారు. ఆ మాట అత్తకి చెప్పి, హాయిగా ఊపిరి పీల్చుకుని, చీర మార్చుకోబోయాను.

“ఉండనీయే,” అంది. “ఆళ్లు మల్లీ ఫొటో అడిగితే?”